ప్రాకారము వెలుపలి పసివారు

ఇంగ్లండు వాయవ్యభాగమున డీ నదీతీరమందు చెస్టరు అను పురాతనపట్టణ మొకటి కలదు. రోమనుల కోట పునాదులపై లేచిన రాతిప్రాకారము నేటికిని ఆ పట్టణమును చుట్టి నిలిచియున్నది. పదునెనిమిదవ శతాబ్దియందు ఆ గోడకు లోపల వర్తకులును, న్యాయవాదులును, క్రైస్తవ ప్రధానాలయము నాశ్రయించిన మతాధికారులును నివసించుచుండగా, గోడకు వెలుపల, తూర్పుద్వారము దాటి బౌటన్ వైపునకు సాగిన వీథులయందును, వంతెన కావలి యొడ్డున హ్యాండ్‌బ్రిడ్జి అను పేటయందును కూలిజనమును, చేతిపనులవారును క్రిక్కిరిసి బ్రతుకుచుండిరి. 1774వ సంవత్సరమున అచ్చట మశూచి ప్రబలెను. అందు వింత యేమియు లేదు. ఆ కాలపు ఐరోపా పట్టణములలో ఆ వ్యాధి కొన్నియేండ్ల కొకమారు విజృంభించుచునే యుండెను. వింత యేమనగా, ఆ ఉపద్రవము శమించిన పిమ్మట ఆ పట్టణపు వైద్యుడొకడు గోడ లోపలను వెలుపలను గల గృహములన్నింటిని విచారింపజేసి, ఎవరికి వ్యాధి సోకినది, ఎవరు మరణించిరి, ఎవరికి ఎన్నడును సోకలేదు అను ప్రశ్నలకు సమాధానములు వ్రాయించుట.

ఆ వైద్యుడు జాన్ హేగార్త్. 1740లో యార్క్‌షైరు కొండసీమయందు జన్మించి, యౌవనముననే చెస్టరు వైద్యశాలలో కొలువు కుదిరి, సుమారు మూడు దశాబ్దములు ఆ పట్టణమునకే తన విద్యను ధారపోసినవాడు. ఆయన వ్రాయించిన లెక్కను బట్టి పట్టణమందును శివారులయందును కలిసి 14,713 మంది నివాసులు కలరు. ఆ యొక్క సంవత్సరమందే 1,385 మందికి మశూచి సోకెను. వారిలో 202 మంది, అనగా ఇంచుమించు ఏడుగురిలో ఒకరు, మరణించిరి. ఆ 202 మందియు పదియేండ్లు నిండని పిల్లలే. చదువరి మనస్సు ఆ సంఖ్యయొద్దనే నిలిచిపోవును, నిలిచిపోవుట న్యాయమే. కాని హేగార్త్ మరియొక సంఖ్యను గూడ వ్రాసికొనెను. ఎన్నడును మశూచి సోకనివారు ఆ పట్టణమున ఇంకను 1,060 మంది, అనగా సుమారు పదునలుగురిలో ఒకరు, మిగిలియుండిరి.

శిశురోగ నివారణ చరిత్రయందు ఈ 1,060 అను సంఖ్యకు గల గౌరవము మరి యే సంఖ్యకును లేదని నా దృఢవిశ్వాసము. మృతులను లెక్కించుట శోకమునకు సంబంధించిన పని. రోగులను లెక్కించుట చికిత్సకు సంబంధించిన పని. ఇంకను సోకనివారిని, రేపు సోకబోవువారిని, పేరుపేరున లెక్కించుట యొక్కటియే నివారణకు సంబంధించిన పని. పెద్దలలో అత్యధికసంఖ్యాకులు బాల్యమందే ఆ వ్యాధిని అనుభవించి, ముఖమున మచ్చలతోనైనను బ్రతికి బయటపడినవారు కావున, వారికది తిరిగి రాదు. కావున మశూచికి మిగిలిన ఆహారము పసిపిల్లలే. ఆ పిల్లలు ఏ వీథియందు, ఏ యింట, ఎందరు కలరో తెలిసిననాడు వ్యాధి దైవఘటన యని చేతులు ముడుచుకొనుటకు వీలులేదు. తెలిసినవానిమీద బాధ్యత పడును. ఆ బాధ్యతను తప్పించుకొనుటకే, నాటినుండి నేటివరకు, పాలకులు ఈ మూడవ లెక్కను వ్రాయుటకు వెనుదీయుచున్నారని నాకు తోచును.

చెస్టరునకు పూర్వము లండనునందు మరణముల లెక్కకు దీర్ఘచరిత్రయే కలదు. పదునేడవ శతాబ్ది ఆరంభమునుండి ఆ నగరమున వారమువారము మరణపట్టికలు వెలువడుచుండెను. ఒక్కొక్క చర్చి పరిధియందు మరణము సంభవించినప్పుడు వృద్ధస్త్రీలు, తరచుగా ఆ చర్చి ధర్మముపై బ్రతుకు పేదరాండ్రు, ఆ యింటికి పోయి శవమును జూచి మరణకారణమును చెప్పవలెను. వారి మాటయే పట్టికకు ఆధారము. చిల్లర వస్త్రసామగ్రి నమ్ముకొను జాన్ గ్రాంట్ అను వర్తకుడు 1662లో ఆ పట్టికలను మథించి ఒక గ్రంథమును వెలువరించెను. మృతుల వయస్సు పట్టికలయందు వ్రాయబడకపోయినను, పసివారికే వచ్చు వ్యాధుల పేర్లను ఏరి కూడి, పుట్టిన నూర్గురిలో ముప్పదియారుగురు ఆరేండ్లు నిండకమునుపే మరణించుచున్నారని ఆయన అంచనావేసెను. వయస్సును ముద్రించుట 1728లో గాని ఆరంభము కాలేదు. ఆ వృద్ధస్త్రీలకు వైద్యము తెలియదని, వారి నిర్ణయములు నమ్మదగినవి కావని తరువాతివారు ఆక్షేపించిరి. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. ఐనను అంటురోగము తిరుగుచున్న యిండ్లలోనికి కొలదిపాటి రుసుమునకై అడుగుపెట్టి, శిశువుల శవములను కన్నులార చూచి వచ్చి చెప్పిన ఆ పేదరాండ్రు లేనిచో గ్రాంటు గ్రంథము లేదు, జనసంఖ్యాశాస్త్రమును లేదు. ఇంటింటికి తిరుగు స్త్రీల శ్రమమీద ఆరోగ్యశాస్త్రము నిలిచియుండుట ఆనాటి మాట మాత్రమే కాదు.

మరల చెస్టరునకు వత్తము. గోడ లోపలివారి ఆరోగ్యమును హేగార్త్ ఎంతగానో మెచ్చుకొనెను. ఆ లేఖినితోనే శివారులను గూర్చి వ్రాయునప్పుడు, అచ్చటి యిండ్లు చిన్నవి, గాలి చొరనివి, జనముతో క్రిక్కిరిసినవి, మలినములు అనియు, వారి ఆహారము పుష్టి నీయజాలదనియు, బట్టలు మార్చుటయు ఉతుకుటయు వారికి అరుదనియు రాయల్ సొసైటీవారు ప్రకటించిన తన వ్యాసమున వివరించెను. ఒకే నది, ఒకే వాన, ఒకే గాలి. నడుమ ఒక గోడ. పట్టణపు ఆరోగ్యమును సగటుగా చెప్పినచో శివారు కనబడదు. గోడకు ఇరువైపుల లెక్కలను వేరువేరుగా వ్రాసినప్పుడే ఆ భేదము దాచరానిదగును. శివారువాసుల దుఃస్థితికి వారి స్వభావమును కాక వారి యిండ్లను, అన్నమును, బట్టను కారణముగా చూపుట ఆ కాలపు వైద్యునియందు గొప్ప విశేషమని నేను భావింతును.

ఆనాటికి మశూచికి ప్రతీకారము లేకపోలేదు. కాన్‌స్టాంటినోపిలునుండి తిరిగివచ్చిన మేరీ వర్ట్లీ మాంటేగూ దొరసాని 1721లో లండనునందు తన కుమార్తెకు రోగి బొబ్బలనుండి తీసిన రసమును చర్మమున ప్రవేశపెట్టించి ఆ పద్ధతిని ప్రఖ్యాతము గావించెను. మన దేశమున వంగరాష్ట్రమందు ఆ విధానము అంతకు పూర్వమే వాడుకలో నుండెనని హాల్వెల్ అను వైద్యుడు 1767లో ఆంగ్లవైద్యులకు విన్నవించెను. రాయల్ సొసైటీ కార్యదర్శియగు జేమ్స్ జూరిన్ దేశము నలుమూలలనుండి లేఖలు తెప్పించి, సహజముగా మశూచి సోకినవారిలో ఆరుగురిలో ఒకరు మరణించుచుండగా, ఈ విధముగా ఎక్కించుకొనినవారిలో ఏబదిమందిలో ఒకరు మాత్రమే మరణించుచున్నారని సంఖ్యలతో నిరూపించెను. ఐనను ఒక మహాదోషము మిగిలెను. ఎక్కించుకొనినవానికి వచ్చునది నిజమైన మశూచియే. అతడు కోలుకొనులోపల ఆ వ్యాధిని ఇరుగుపొరుగువారికి అంటింపగలడు. ధనవంతుని బిడ్డ విశాలమైన గదిలో సురక్షితముగా కోలుకొనుచుండగా, ఆ యింట పాత్రలు తోమిన దాసి తన పేటకు ఆ విషమును మోసికొనిపోవచ్చును. ఒక్కొక్కరు తమ బిడ్డను రక్షించుకొను ప్రయత్నమే ఊరిబిడ్డలకు మృత్యువగు నట్టి వ్యాధి అది. కావుననే హేగార్త్ రెండు పనులు ఏకకాలమున జరుగవలెనని పట్టుబట్టెను: పేదల పిల్లలకందరికి నియమితకాలములందు ఒక్కమారుగా ఎక్కించుట, వ్యాధి సోకినవారిని ఇతరులనుండి దూరముగా నుంచుట.

దూరముగా నుంచుట సాధ్యమా? గాలి అంతయు విషమయమై యుండగా ఎవడు తప్పించుకొనగలడు అని ఆనాటి పండితులు అడిగిరి. హేగార్త్ దీనికి చెప్పిన సమాధానము మిక్కిలి సుందరమైనది. మశూచి ఎన్నడును సోకనట్టి శరీరతత్త్వము కలవారు ఇరువదిమందిలో ఒకరు మాత్రమే యని ఆయన అనుభవము. కావున రోగి గల యింట ఒక్క బిడ్డ తప్పించుకొనినచో, వాడు ఆ ఇరువదింట నొకడు కావచ్చును. ఇద్దరు తప్పించుకొనినచో, వారిరువురును అట్టివారే యగుటకు నాలుగువందలలో ఒక పాలే అవకాశము. ముగ్గురైనచో ఎనిమిదివేలలో ఒక పాలు. కాని ఇరువురు మువ్వురు పిల్లలు తప్పించుకొనుట అచ్చటచ్చట కనబడుచునే యున్నది. కావున వారు పుట్టుకచేత కాక, విషము తమను చేరకపోవుటచేతనే తప్పించుకొనిరని తేలుచున్నది. అనగా విషము గాలియంతట వ్యాపించునది కాదు, రోగికి అతిసమీపమునకును, వాని బట్టలకును, వస్తువులకును పరిమితమైనది. ప్రయోగశాల లేదు, సూక్ష్మదర్శినిలో క్రిములను చూపు శాస్త్రమింకను పుట్టలేదు. ఇంటింటి లెక్కయు, గుణకారమును మాత్రమే సాధనములుగా ఒక పట్టణవైద్యుడు ఈ నిర్ణయమునకు వచ్చెను. అట్లాంటికు మహాసముద్రమున కావల రోడ్ ఐలండునందు రోగులను వేరుంచు కఠిననియమములచేత మశూచి వ్యాపింపకున్నదను వార్త బెంజమిన్ వాటర్‌హౌస్ అను వైద్యునివలన చేరి, ఆయన నమ్మకమును మరింత దృఢపరచెను.

1778లో చెస్టరుపౌరులు కొందరు ఆయన ప్రోద్బలమున ఒక సంఘముగా ఏర్పడిరి. ఆ సంఘమువారు అచ్చువేయించి పంచిన నియమములు నేటి పాఠకునకు సైతము సుపరిచితములుగా తోచును. మశూచి ఎన్నడును రానివారు రోగి యున్న యింట అడుగు పెట్టరాదు. బొబ్బలు వెలువడిన పిమ్మట రోగిని వీథిలోనికి పోనీయరాదు. ఉమ్మి, చీము తగిలినవని తెలిసిన, లేక అనుమానింపబడిన బట్టలను, పాత్రలను, నాణెములను సైతము కడిగి గాలికి ఉంచనిదే ఆ యింటినుండి వెలుపలికి తీసికొనిపోరాదు. పరిచర్య చేయువారు చేతులు కడుగుకొనకుండ బయటికి పోరాదు. చివరి పొక్కు రాలి పడువరకు రోగి ఇతరులను సమీపింపరాదు. నియమములు చెప్పుట ఎవరికైనను సులభమే. హేగార్త్ గొప్పదనము తరువాతి మెట్టున నున్నది. ఆ నియమముల కాగితముతోపాటే, వానిని పాటించి, పొరుగిండ్లకు వ్యాధి వ్యాపింపనీయని పేదకుటుంబమునకు ఇంత సొమ్ము ముట్టజెప్పుదుమను వాగ్దానమును సంఘము ఇచ్చెను. అది నిజముగా జరిగినదా లేదా యని చూచుటకు ఒక పర్యవేక్షకుని నియమించెను.

ఈ సొమ్మును గూర్చి నేను కొంత విస్తరించి చెప్పవలసియున్నది. శివారు పేటయందు నివసించు కూలిస్త్రీ తన బిడ్డను మూడునాలుగు వారములు గడప దాటనీయకుండ కాచి యుండవలెననగా, ఆమె పనికి పోరాదు. పనికి పోనిచో పొయ్యి రాజదు. ఆమె బట్టలను ఉడికించి ఉతుకవలెననగా వంటచెరకు కొనవలెను, నీరు మోయవలెను. రోగిని వేరుగదిలో ఉంచుమని చెప్పుట, ఉన్నది ఒక్క గదియే యైనవారికి చెప్పిన మాట కాదు. వ్యాధి వ్యాపింపకుండ ఆపుటవలన కలుగు లాభము ఊరంతటిది. ఆపుటకై పడు నష్టము ఆ యొక్క తల్లిది. ఊరు పొందు లాభమునకు ఊరే మూల్యము చెల్లించవలెనను ధర్మమును గ్రహించి, ఆ మూల్యమును చందాలు పోగుచేసి చెల్లింపజూచిన సంఘముగా చెస్టరు సంఘమునకు నేను నమస్కరింతును. దానిని బహుమానమని వారు పిలిచిరి. నా దృష్టిలో అది ఋణవిమోచనము.

సంఘము కొన్నియేండ్లకే అంతరించెను. వ్యాధి వ్యాపింపక నిలిచిన వీథులను హేగార్త్ 1784లో ప్రకటించిన గ్రంథమున పేర్కొనెను. ఐనను సంఘము ఆశించినంతమంది తలిదండ్రులు పిల్లలకు ఎక్కించుకొనుటకు ముందునకు రాలేదు. దైవము పంపిన వ్యాధిని దైవమునకే వదలవలెనని కొందరును, ఆరోగ్యముగా ఆడుకొనుచున్న బిడ్డకు చేజేతుల రోగమును తెచ్చిపెట్టుట పాపమని కొందరును వెనుదీసిరి. ఈ భయమును అజ్ఞానమని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. ఏబదింటి కొక బిడ్డ చనిపోవుట సంఖ్యగా చిన్నది. ఆ బిడ్డ తన బిడ్డ యైన తల్లికి చిన్నది కాదు. సహజముగా వచ్చిన వ్యాధిచేత బిడ్డ పోయినచో తల్లి దుఃఖించును. తన సమ్మతిచేత పోయినచో జీవితాంతము తన్ను తాను నిందించుకొనును. ఈ భేదమును గ్రహింపని ఆరోగ్యాధికారి ఎంత విద్వాంసుడైనను పేటలలో నెగ్గుకురాలేడు.

1793లో హేగార్త్ తన పథకమును దేశమంతటికి విస్తరింపగోరి మరియొక గ్రంథమును వెలువరించెను. గ్రేట్ బ్రిటనును మండలములుగా విభజించి, మండలమునకొక పర్యవేక్షకుని నియమించి, మశూచిని దేశమునుండి నిర్మూలింపవలెనని అందలి ఆశయము. ఒక వ్యాధిని ఒక దేశమునుండి సమూలముగా తుడిచివేయవచ్చునని జెన్నరు అను వైద్యుని టీకా వెలువడుటకు పూర్వమే ఊహించిన ధీశాలిని ఎంత కొనియాడినను తక్కువే. కాని ఆ గ్రంథమందు బహుమానముల ప్రక్కన దండనలు గూడ ప్రవేశించెను: నియమము తప్పినవానికి భారమైన జరిమానా, చెల్లింపలేని పేదకు నలుగురియెదుట నిలబెట్టి అవమానించు శిక్ష. చెస్టరు శివారులలో పేదతల్లి కష్టమును గుర్తించి ధనమిచ్చిన చేయియే ఆమె మెడకు నిందాఫలకమును కట్ట నుద్యుక్తమగుట చూచి నా మనస్సు కలతపడినది. ధనవంతుడు జరిమానా చెల్లించి యింటికి పోవును, నిలబడునది పేదయే. అట్టి శిక్ష విధింపబడు దేశమున ఏ తల్లియు తన బిడ్డకు పొక్కులు లేచినవని చెప్పదు, దాచును. దాచిన రోగము లెక్కకు రాదు. లెక్కపై నిర్మింపబడిన ఆయన విధానమంతయు ఆ యొక్క శిక్షతో కూలిపోవును. పార్లమెంటు ఆ పథకమును చేపట్టలేదు. ఐదేండ్లకు, 1798లో, జెన్నరు గోమశూచి టీకాను లోకమునకు ప్రకటించెను.

తెలుగునాట ఇంట బిడ్డకు అమ్మవారు పోసినప్పుడు ద్వారమునకు వేపమండలు కట్టుట పెద్దలు ఎరిగిన ఆచారమే. ఆ మండలను చూచినవారు గడప తొక్కరు. ఆ యింటివారు పేరంటములకు పోరు. పొక్కులెండి, వేపాకు పసుపు కలిపిన నీటితో స్నానము చేయించువరకు బిడ్డను నలుగురిలోనికి తీసికొనిరారు. ఇందలి భక్తిని భక్తిగానే గౌరవించుచు నేనొక్కమాట అందును. రోగిగృహమును గుర్తించుట, రాకపోకలను నిలుపుట, గడువు ముగియువరకు ఓపికపట్టుట అను మూడును చెస్టరు నియమములయందు గలవే. కాని ఇచ్చట అవి అవమానముగా కాక మర్యాదగా నడచినవి. ఆ యింటికి నింద లేదు, పొరుగువారి శ్రద్ధయే కలదు. గుర్తును భరించు కుటుంబమును గౌరవించినప్పుడే ఆ గుర్తు నిలుచును.

1970వ దశకమున మన దేశమందు మశూచిని నిర్మూలించిన విధానమును పరిశీలించినచో హేగార్త్ ఆలోచన పునర్జన్మమెత్తినట్లు తోచును. 1962లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము మొదట అందరికిని టీకాలు వేయుటనే నమ్ముకొనెను. వేసిన టీకాల సంఖ్య కోట్లకు చేరినను వ్యాధి పోలేదు. 1973 నుండి దృష్టి మారెను. వేలకొలది కార్యకర్తలు మశూచి సోకిన బిడ్డ చిత్రపటమును చేతబట్టి ఇల్లిల్లు తిరిగిరి, సంతలలో అడిగిరి, బడిపిల్లలను అడిగిరి. పెద్దలు దాచిన సంగతిని పిల్లలు దాచరు. రోగి కనబడినచోట ఆ యింటివద్ద కావలివారిని నిలిపి, చుట్టుపట్లవారికందరికి టీకాలు వేసిరి. రోగిని చూపినవారికి ఇచ్చు బహుమానము క్రమముగా పెరిగి వేయి రూపాయలకు చేరెను. 1975 మే మాసముతో ఈ దేశమున ఆ వ్యాధి అంతరించెను. 1980లో లోకమంతట నశించెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. ఈ మహావిజయమునందును నల్లని మచ్చ యొకటి కలదు. కొన్ని గ్రామములలో రాత్రివేళ తలుపులు త్రోసి, ఏడ్చుచున్న స్త్రీలను పట్టి బలాత్కారముగా టీకాలు వేసిన ఉదంతములు చరిత్రకారులు వ్రాసియుంచిరి. గెలిచినది కావున అట్టి పద్ధతి మంచిదనువారితో నేను ఏకీభవింపను. ఆ రాత్రుల జ్ఞాపకము మరియొక టీకా వచ్చినప్పుడు తలుపులు మూయించును.

మశూచి పోయినది గాని తట్టు పోలేదు, కంఠసర్పి పోలేదు, కోరింతదగ్గు పోలేదు. తట్టు మశూచికంటె వేగముగా వ్యాపించును. రక్షణ లేని జనులలో ఒక్క రోగి పండ్రెండునుండి పదునెనిమిదిమందికి దానిని అంటింపగలడు. దానిని ఆపవలెనన్నచో నూటికి తొంబదియైదుగురు పిల్లలకు రెండు మోతాదులును పడవలెను: తొమ్మిదవ నెల నిండగానే ఒకటి, పదునారునుండి ఇరువదినాలుగు నెలల నడుమ రెండవది. 2017 ఆగస్టున ఆంధ్రప్రదేశమందును తెలంగాణమునందును తొమ్మిది నెలలు నిండిన పదునైదేండ్లలోపు పిల్లలకందరికి తట్టు-రుబెల్లా టీకాలు వేయు ఉద్యమము నడచినది. ఐనను 2022 చివరి మాసములలో ముంబయి తూర్పుశివారగు గోవండియందు తట్టు చెలరేగి పసిప్రాణములను బలిగొనెను. నగరమంతటి సగటును చూచినవారికి గోవండి కనబడలేదు. గోడ లేకున్నను శివారు శివారే. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రికి కంఠసర్పితో ఊపిరాడని బిడ్డలు ఈ శతాబ్దమందును వచ్చుచుండిరనుట మన మందరము సిగ్గుపడవలసిన మాట. ఆ వ్యాధికి టీకా దశాబ్దములుగా ఉచితముగా లభించుచున్నది.

ఆ బిడ్డలు ఎక్కడివారు? గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములలో ఆకాశమంటు భవనములు లేచుచున్న చోట రేకుల షెడ్లలో తల దాచుకొను కూలీల పిల్లలను గూర్చి ఒకపరి ఆలోచింపుడు. ఒడిశాలోని బలంగీరు, నువాపడా జిల్లాలనుండి కార్తికమాసప్రాంతమున వచ్చి వేసవి ముగియువరకు మన ఇటుక బట్టీలయొద్ద బ్రతుకు కుటుంబముల పిల్లలను గూర్చి ఆలోచింపుడు. తొమ్మిదవ నెల నిండునప్పటికి బిడ్డ ఒక రాష్ట్రమున నుండును. పదునారవ నెలకు వేరొక రాష్ట్రమున నుండును. సొంతయూరి జాబితాలో వాడు వలసపోయినవాడు. ఇచ్చటి జాబితాలో వాడు లేనివాడు. ఇటుక బట్టీలను, నిర్మాణస్థలములను ప్రత్యేకశ్రద్ధ చూపవలసిన చోట్లుగా గుర్తింపవలెనని టీకా కార్యక్రమపు ప్రణాళికలయందు వ్రాసియేయున్నది. వ్రాసినది మంచిదే. కాని మన ప్రకటనలలో ఇన్ని లక్షల మోతాదులు వేసితిమను సంఖ్య కనబడునే గాని, ఈ వార్డునందు, ఈ బట్టీయందు ఇంకను టీకా పడనివారు ఇందరు అను సంఖ్య కనబడదు. మనకు కావలసినది హేగార్త్ వ్రాసిన మూడవ లెక్క. దానిని ప్రతి మాసమును, వార్డువారీగా, పిల్లల పేర్లు లేకుండ, పురపాలక కార్యాలయపు గోడపై అందరును చదువునట్లు అంటింపవలెను.

ఆ లెక్క వ్రాయువారు ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎమ్.లు. ఎండలో వానలో తిరిగి, భాష తెలియని తల్లికి సైగలతో చెప్పి, బిడ్డను ఎత్తుకొనివచ్చు ఆ స్త్రీల గౌరవవేతనమును గూర్చి ఏటేట ధర్నాలు జరుగవలసివచ్చుట అన్యాయము. లండను వృద్ధస్త్రీల కాలమునుండి లోకము ఈ శ్రమను చౌకగానే కొనుచున్నది. వారికి తగిన వేతనము, గౌరవము ఇచ్చుట రోగనివారణలో భాగమే కాని దయ కాదు.

ఇక తల్లుల విషయము. ఊరి లాభమునకు ఊరే మూల్యము చెల్లింపవలెనను ధర్మమును మన ప్రభుత్వములు కొంతవరకు అంగీకరించియే యున్నవి. ప్రధానమంత్రి మాతృ వందన యోజనయందు ఒక వాయిదా సొమ్ము బిడ్డ మొదటి టీకాలతో ముడిపడియున్నది. తెలంగాణమున 2017లో ఆరంభమైన కె.సి.ఆర్. కిట్ పథకమందు తొమ్మిదవ నెల టీకా వేయించినప్పుడు తల్లికి కొంత ధనమిచ్చు నియమముండెను. ఇవి మెచ్చదగినవి. కాని మొదటిది తట్టు టీకా వయస్సునకు ముందే ముగియును. రెండవది ప్రభుత్వాసుపత్రిలో ప్రసవించిన ఇచ్చటి స్త్రీలకే గాని ఇటుక బట్టీకి వచ్చిన ఒడిశా తల్లికి చేరలేదు. అంతకంటె ముఖ్యముగా, బిడ్డకు తట్టు పోసినప్పుడు వానిని ఇంట ఉంచుకొని పని మానుకొనిన దినములకు ఆమెకు కూలి యిచ్చు పథకము నాకెచ్చటను కనబడలేదు. దద్దురు లేచిన పిమ్మట నాలుగు దినములవరకు తట్టు అంటుకొనును. ఆ నాలుగు దినములు, జాగ్రత్తకై మరి కొన్ని దినములు కలిపి వారము దినముల కూలిని, టీకా వేయించిన మరునాడు బిడ్డ జ్వరముతో నున్నందున పని మానిన ఒక్క దినపు కూలిని, శివారు పేటలలోని ప్రతి కూలితల్లికి పురపాలకసంఘము చెల్లింపవలెనని నా ప్రతిపాదన. ఆధారుకార్డు ఏ రాష్ట్రముదని అడుగరాదు. రోగము ఆ ప్రశ్న అడుగదు.

మోసము జరుగునని అనువారు ఉందురు. బిడ్డకు లేని తట్టును ఉన్నదని చెప్పి వారము కూలిని పొందు తల్లి ఎక్కడనైన ఒకతె ఉండవచ్చును. చెస్టరు సంఘమునకును ఆ భయము లేకపోలేదు; అందులకే పర్యవేక్షకుని నియమించెను. ఆశా కార్యకర్త చూచి, ఏ.ఎన్.ఎమ్. ధ్రువపరచి, అవసరమైనచోట రక్తపరీక్షకు నమూనా పంపు ఏర్పాటు మనకు ఇదివరకే కలదు. పైగా డబ్బు కొరకైనను తల్లి తానై వచ్చి చెప్పినచో, దాగియుండవలసిన రోగము వెలుగులోనికి వచ్చినట్లే. అబద్ధపు ఫిర్యాదు పదింటిని విచారించు శ్రమకంటె దాచిన నిజమైన తట్టు ఒక్కటి చేయు నష్టము పెద్దది. బహుమానమును వేయి రూపాయలకు పెంచిననాడు మన మశూచి నిర్మూలకులును ఆ విధముగనే ఆలోచించియుందురు.

దీనికి గొప్ప శాసనములు అవసరమని నేననుకొనను. పురపాలకసంఘపు వార్షిక అంచనాలయందు ఒక పద్దు, సమావేశమున ఒక తీర్మానము, వార్డు కార్యాలయమున చెల్లింపునకు ఒక బల్ల చాలును. తట్టు విజృంభించునది శీతకాలాంతమున, వసంతారంభమున. కావున వర్షములు తగ్గి, బట్టీలకు కుటుంబములు దిగుటకు మునుపే, ఆశ్వయుజమాసమునందే ఆ తీర్మానము జరిగి, మొదటి విడత జాబితా గోడపై అంటింపబడవలెను.